చేతి తిమ్మిర్లు, నరాల ఇబ్బందులు: వయొలిన్, వీణ, గిటార్, తంబుర వాయించేటోళ్లు మళ్లమళ్ల అడిగే ప్రశ్నలు

నల్గొండల పిల్లలకి వయొలిన్ నేర్పించబట్టి చానా ఏండ్లయింది, క్లాస్ అయిపోంగనే ఎవరో ఒకరు చెయ్యి దులుపుకుంట వచ్చి "సార్, వేళ్లు తిమ్మిరెక్కుతున్నయ్" అంటరు, వాట్సాప్‌ల గూడ అవే ప్రశ్నలు, గిటార్ నేర్చుకునే పోరల నుంచి భజన మండలిల తంబుర పట్టే తాతల దాక. ఒక్కొక్కరికి టైప్ చేసి చేసి యాష్టకొచ్చి అన్నీ ఒక్కకాడ పెట్టిన. నేను డాక్టర్‌ని కాదు, నా ఎడమ మోచేతి నరం ఒత్తుకపోయి ఏడాది పైన దవాఖానల చుట్టూ తిరిగినోణ్ణి, ఆ తిరుగుడుల డాక్టర్లు చెప్పింది, నేను నేర్చుకున్నది ఇది. మీకు కావాల్సిన ప్రశ్న కాడికే సీదా పోండ్రి.

## ఇప్పుడిప్పుడే మొదలైనోళ్లకి

వాయించేటప్పుడు వేళ్లు తిమ్మిరెక్కుతున్నయ్, అందరికీ అయితదా ఇది?

ఒక్కపారి చెయ్యి వంకరగ పెట్టి కూసుంటే తిమ్మిరొచ్చి, దులిపితే రెండు నిమిషాల్ల పోతే దాన్ని పట్టించుకోకండ్రి. రోజూ వాయించుడు మొదలైన పావుగంటకో ఇరవై నిమిషాలకో అదే వేలు తిమ్మిరెక్కుతుంటే, వాయిద్యం కింద పెట్టినంక గూడ అర్ధగంట పోకుంటే, రాత్రి నిద్రల లేపుతుంటే మాత్రం అది నరం ఒత్తుకపోవుడే అనుకోవాలె. ఇంకొకటి, తీగలు నొక్కీ నొక్కీ వేలి కొసలకి కాయలు కాసి అక్కడ స్పర్శ తగ్గుతది చూడుండ్రి, అది తోలు మందమైనందుకు, నరానికి దానికి సంబంధం లేదు. కాయ ఉన్నకాడ ఒక్కటే మొద్దుగ ఉంటే భయం లేదు, వేలు మొత్తం మొద్దుబారితే సంగతి వేరే.

ఏ వేలు తిమ్మిరొస్తే ఏ నరం అన్నట్టు?

డాక్టర్ ఫస్ట్ అడిగేది ఇదే, మీరు ముందే చూసుకొని పోతే సగం పని అయిపోయినట్టే. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలుల బొటనవేలు దిక్కు సగం, ఇవి మీడియన్ నరానివి, అది మణికట్టుల ఇరుకు సందు నుంచి పోతది, వేళ్లను ముడిచే తొమ్మిది కండల తాళ్లు (టెండన్లు) గూడ అదే సందుల దూరుతయ్, కొంచెం వాపొస్తే నరమే నలుగుతది, దీన్నే కార్పల్ టన్నెల్ అంటరు. చిటికెనవేలు, ఉంగరం వేలుల మిగిలిన సగం అల్నర్ నరానివి. మోచేతికి గోడ తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటది కదా, అదే నరం, తోలు కిందనే ఉంటది, పైన కండ గూడ లేదు పాపం. చెయ్యి ఎనక భాగం, బొటనవేలు మొదట్ల తిమ్మిరైతే రేడియల్. ఇగ భుజం నుంచి చెయ్యి పొడుగూత గుంజుకుంట వస్తే, మెడ తిప్పితే ఎక్కువైతే, మెడల నరం మూలం కాడ తేడా ఉన్నట్టు. అన్నీ ఇంత శుభ్రంగ ఉండయ్, ఒక్కోపారి మెడల, మణికట్టుల రెండు జాగల ఒత్తుకుంటది, అందుకే ఏ వేలు ఏ టైముల తిమ్మిరొచ్చిందో వారం రోజులు కాగితం మీద రాసిపెట్టుకోండ్రి.

వాయించేది సాయంత్రం, తిమ్మిరొచ్చేది అర్ధరాత్రి, ఎందుకట్ల?

నిద్రల మణికట్టు లోపలికి మడుసుకుంటం, చెయ్యి దిండు కింద పెట్టుకొని మోచెయ్యి మొత్తం ముడుసుకొని పంటం. పొద్దంత వాడి అలసిపోయిన నరం మీద రాత్రి గంటలు గంటలు ఒత్తిడి పడితే లేచి చెయ్యి దులుపుకునుడే. మణికట్టు నరమైతే దులిపితే హాయిగ అనిపిస్తది, ఇది కార్పల్ టన్నెల్‌కి బాగ గుర్తు. మోచేతి నరమైతే పొద్దున లేవంగనే చిటికెనవేలు మనది కానట్టు ఉంటది. నాకైతే పొద్దుగాల అంగీ గుండీ పెట్టుకుంటుంటే చిటికెనవేలు పక్కకు నిలబడి దగ్గరికి రాలే, నవ్వొచ్చింది ఆ రోజు, తర్వాత రాలే నవ్వు.

నేను కర్ణాటక వయొలిన్ కింద కూసొని వాయిస్త, ఎడమ చెయ్యే ఎందుకు పట్టుకుంటది?

వయొలిన్ తల కుడి పాదం మీద ఆనిస్తం కాబట్టి దవడ కింద బిగబట్టాల్సిన అవసరం లేదు, చెయ్యి కిందికి పైకి జారుతది, గమకాలకి సుఖం. కానీ ఎడమ మోచెయ్యి ముడుసుకొనే ఉంటది, పైంగ అరచెయ్యి మన దిక్కు తిరిగి ఉంటది, ఎంత ముడిస్తే అల్నర్ నరం అంత సాగుతది, మోచేతి ఎముక ఎనక రాసుకుంటది. అందుకే వయొలిన్‌లోళ్లకి ఎడమ చిటికెనవేలు, ఉంగరం వేలు ముందు పోతయ్. చూపుడు వేలు మొదట్ల ఒక్కకాడనే తిమ్మిరుంటే మెడకట్టె అక్కడ ఒత్తుతుందా చూసుకోండ్రి, గట్టిగ పట్టుకునేటోళ్లకి వేలి పక్క నరం నలుగుతది. ఇంకో మాట, గంటన్నర కింద అట్లనే కాళ్లు ముడుసుకొని కూసుంటే కాలు గూడ తిమ్మిరొస్తది, దాన్ని తప్పిచ్చుకోవాలని నడుం వంకర పెడితే ఆ వంకర మెడ దాక పోతది. పిర్రల కింద చిన్న మెత్త పెట్టుకుంటే చానా ఫరక్ పడతది.

వీణ వాయించేటోళ్లకి గూడ ఇదే బాధనా?

వీణల ఎడమ చెయ్యి దండి అవతల నుంచి మెట్ల మీదికి వస్తది, మణికట్టు లోపలికి ముడుసుకుంటది, దాంతోటే తీగ పక్కకు గుంజి గమకం పలికియ్యాలె, ముడుసుకున్న మణికట్టు తోటి బలం పెట్టుడన్నట్టు. మీడియన్ నరానికి ఇష్టం లేని పని ఇదే. కుడి చెయ్యి ముంజేయి కుండ అంచు మీద ఆనుతది, ఆ అంచు ఒత్తినకాడ గూడ తిమ్మిరొస్తది, చిన్న బట్ట మడత పెట్టండ్రి. చిన్న పిల్లకి పెద్ద వీణ ఇచ్చి చెయ్యి సాగుతలేదని తిట్టే టీచర్లను చూసిన, అది పిల్ల తప్పు కాదు.

గిటార్‌ల ఎఫ్ కార్డ్ (చూపుడు వేలితోటి తీగలన్నీ ఒక్కసారే నొక్కే పట్టు) పట్టంగనే చెయ్యి మొద్దుబారుతుంది, ఇంకా ప్రాక్టీస్ చేస్తే పోతదా?

పోదు, పెరుగుతది. ముందు గిటార్‌ని చూడుండ్రి. కొత్తగ కొన్న తక్కువ ధర గిటార్లకి తీగలు మెట్ల కన్నా బాగ పైకుంటయ్, దాన్నే యాక్షన్ ఎక్కువ అంటరు, రెండింతల బలం పెట్టి నొక్కాల్సొస్తది. సెట్ చేసే మనిషికి ఇచ్చి యాక్షన్ దించుకోండ్రి, 12 నంబర్ తీగలుంటే 10 ఏసుకోండ్రి. రెండోది, గిటార్ మెడ కిందికి వాలిపోతే మణికట్టు బాగ ముడుసుకుంటది, బెల్టు పొట్టిగ చేసి మెడ పైకి లేపితే మణికట్టు దానంతట అదే సీదా అయితది. బొటనవేలు ఎనకనుంచి పటకారు లెక్క బిగియ్యకండ్రి. ఎఫ్ కార్డ్ రోజుకు పది నిమిషాలు చాలు, ఆ పది గూడ రెండు ముక్కలు చేయుండ్రి.

కిన్నెర, తంబుర, శారద (శారద కథలోళ్లు వాయించే తీగ వాయిద్యం) వాయించే మా పెద్దోళ్లకి గూడ ఇవే ఉంటయా?

ఉంటయ్, కానీ ఎవ్వరూ చెప్పరు, "వయసు కదా బిడ్డా" అని ఊకుంటరు. పన్నెండు మెట్ల కిన్నెరకి 2022ల దర్శనం మొగులయ్యకి పద్మశ్రీ వచ్చినంక మన నాగర్‌కర్నూల్ దిక్కు కిన్నెర గురించి దేశమంత తెలిసింది, ఆ వాయిద్యం వాయించే చేతుల గురించి మాత్రం ఎవ్వరూ అడగరు. తంబుర భుజానికి ఆనించుకొని గంటల తరబడి ఒక్క వేలితోటి మీటేటోళ్లకి భుజం, మెడ పట్టేస్తయ్, మోచెయ్యి ముడుసుకునే ఉంటది కాబట్టి చిటికెనవేలు తిమ్మిరొస్తది. చెరువుగట్టు జాతర, కురుమూర్తి జాతర టైముల రాత్రంత భజన ఉంటది, అప్పుడు ఒక్కరే పట్టుకోకుండ పాటకొకరు చేతులు మార్చుకుంటే అయిపాయె, తంబురకేం కోపం రాదు.

బండి నడిపినా తిమ్మిరే, ఫోన్ చూసినా తిమ్మిరే, మరి తప్పు వాయించుడుదేనా?

ఒక్కదాన్దే కాదు, అన్నీ కలిస్తేనే. బండి హ్యాండిల్ వణుకుడు మణికట్టు మీద పడతది, మోచెయ్యి ముడుసుకొని గంటసేపు ఫోన్ మాట్లాడితే అల్నర్ నరం సాగుతది, పత్తి ఏరుడు, కలుపు తీసుడు, మిషన్ కుట్టుడు గూడ చేతి పనే కదా. నా దగ్గరికొచ్చే ఒకామె పొద్దంత మిషన్ కుట్టి సాయంత్రం వీణ పడతది, ఆమె వీణ గంట నుంచి పావుగంటకు తగ్గించుకున్నా లాభం లేకపాయె, కుట్టేటప్పుడు మధ్యల మధ్యల ఆగుడు అలవాటు చేసుకున్నంకనే తేలిక పడ్డది.

## డాక్టర్ దగ్గరికి పోయేటోళ్లకి

ఎన్ని రోజులు చూసి పోవాలె?

వాయించుడు బాగ తగ్గించి, మణికట్టు మోచెయ్యి సీదా పెట్టుకొని రెండు మూడు వారాలు చూసినా తగ్గకపోతే పోండ్రి. తిమ్మిరి రోజంత ఉంటే, చేతిల వస్తువులు జారిపోతుంటే, బొటనవేలు కింద కండ గానీ, బొటనవేలు చూపుడు వేలు మధ్యల కండ గానీ గుంటలు పడితే ఒక్కరోజు గూడ ఆగొద్దు. నేను ఏడు నెలలు ఆగిన, ప్రోగ్రాంలు ఉన్నయ్, పిల్లల పరీక్షలున్నయ్ అనుకుంట. ఫస్ట్ పోయిన ప్రైవేటు దవాఖానల చెయ్యి ముట్టకుండనే బలం గోలీలు రాసిచ్చిండ్రు, నేను గూడ సంబురంగ మింగిన, అక్కడ ఇంకో రెండు నెలలు పోయినయ్. తొందరగ పోయుంటే ఆరు వారాలు ఆపితే సరిపోయేది, ఆలస్యం చేసి ఏడాది ఆపుకున్న.

ఏ డాక్టర్‌కి చూపెట్టాలె? ఎముకల డాక్టరా, నరాల డాక్టరా?

ఇద్దరిల ఎవరైనా సరే, మొదలు జనరల్ డాక్టర్ చూసినా చాలు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానల్ల ఎముకల విభాగం ఓపీ ఉంటది, పెద్ద సమస్య అయితే హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, గాంధీకి పంపుతరు. పోయేటప్పుడు మీరు వాయించే తీరు ఫోన్‌ల రెండు నిమిషాలు వీడియో తీసుకొని పోండ్రి. మాటలతోటి చెప్తే "వాయించుడు బంద్ చెయ్యి" అంటరు, వీడియో చూస్తే ఏ కీలు ఎంత ముడుసుకుంటుందో వాళ్లకే కనపడతది.

డాక్టర్ దగ్గరికి పోకముందు ఇంట్ల చూసుకునే టెస్టులు ఏమన్న ఉన్నయా?

ఉన్నయ్, కాని వీటితోటే రోగం ఖాయం చేసుకోకండ్రి. రెండు చేతుల ఎనక భాగాలు ఒకదానికొకటి ఆనించి మణికట్లు కిందికి ముడిచి ఒక్క నిమిషం ఉండుండ్రి, బొటనవేలు దిక్కు వేళ్లు తిమ్మిరొస్తే మీడియన్ మీద అనుమానం. మోచెయ్యి పూర్తిగ ముడిచి ఒక నిమిషం పెట్టండ్రి, చిటికెనవేలు జివ్వుమంటే అల్నర్. ఇంకోటి, బొటనవేలు చూపుడు వేలు పక్క మధ్యల కాగితం పట్టుకొని ఎవరినన్న గుంజమనుండ్రి, కాగితం ఆపడానికి బొటనవేలు కొస ముడుసుకుంటే అల్నర్ నరం కండ బలం తగ్గుతున్నట్టు. జేబుల చెయ్యి పెట్టి చూడకుండ రూపాయి బిళ్లనా రెండు రూపాయల బిళ్లనా గుర్తుపట్టుడు నేను రోజూ చేసే పరీక్ష, దవాఖానల ఇది చెప్పరు గానీ నాకు మాత్రం పనికొచ్చింది.

నరాల టెస్ట్‌ల కరెంట్ పెడతరంట, నొప్పి లేస్తదా?

చిన్న చిన్న షాకులు, రబ్బరు బ్యాండ్ గుంజి ఇడిసినట్టు ఉంటది, తట్టుకోవచ్చు. నరం ఎంత స్పీడ్‌గ సిగ్నల్ పంపుతుందో, ఎక్కడ నెమ్మదైతుందో చూస్తరు. చెయ్యి సల్లగుంటే రీడింగ్ తప్పొస్తది, అందుకే చలికాలం పొద్దుగాల పోతే చెయ్యి వెచ్చగ చేసినంకనే మొదలువెడతరు. మొదట్ల ఉన్న ఇబ్బంది ఈ టెస్ట్‌ల కనపడకపోవచ్చు, నార్మల్ వచ్చిందని ఏం లేదనుకోకండ్రి. కండలకు సన్న సూది పెట్టే టెస్ట్ వేరే, అది అందరికీ చెయ్యరు.

చెయ్యి తిమ్మిరని పోతే షుగర్, థైరాయిడ్ టెస్టులు రాసిండ్రు, పైసల కోసమేనా?

కాదు. షుగర్, థైరాయిడ్ తక్కువ పనిచేసుడు, బీ12 తక్కువుండుడు, ఇవన్నీ నరాన్ని బలహీనం చేస్తయ్, అప్పుడు చిన్న ఒత్తిడికే పట్టుకుంటది. షుగర్‌ది మామూలుగ రెండు పాదాల నుంచి మొదలైతది, కాళ్లు చేతులు రెండూ తిమ్మిరుంటే వాయిద్యాన్ని తిట్టకుండ ముందు రక్తం చూపెట్టుకోండ్రి. కడుపుతోటి ఉన్న ఆడపిల్లలకి ఒంట్ల నీరు చేరి కార్పల్ టన్నెల్ వస్తది, కాన్పు అయినంక చానామందికి దానంతట అదే తగ్గుతది.

మాది ఫ్లోరైడ్ ఊరు, దానివల్ల గూడ చేతులు తిమ్మిరొస్తయా?

వస్తయ్. ఈ ప్రశ్న మన నల్గొండోళ్లు తప్ప ఎవరడుగుతరు చెప్పుండ్రి, నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరు పెట్టిండ్రు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి చేస్తరు, నాగ్‌పూర్‌లున్న నీరి సంస్థ తయారు చేసింది. లీటరు నీళ్లల్ల 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ఏండ్ల తరబడి దానికి బాగ ఎక్కువున్న నీళ్లు తాగినోళ్లకి ఎముకలు మందమైతయ్, వెన్నుపూసల పొంటి ఉండే పట్టీలు గట్టిపడి ఎముకల లెక్క అయితయ్, మెడ తిరగదు, లోపల వెన్నుపాము, నరాలు ఒత్తుకపోతయ్, చేతులు మొద్దుబారుతయ్, కాళ్లు బిగుసుకపోతయ్. మర్రిగూడ దిక్కు నుంచి భజనకొచ్చే ఒక తాత తంబుర వల్లనే చేతులు పోతున్నయని తంబుర ఇడిసిపెట్టిండు, మనిషి పక్కకు చూడాలంటే మొత్తం ఒళ్లే తిప్పేటోడు, ఎక్స్‌రేల మెడ సంగతి బయటపడ్డది. మిషన్ భగీరథ నీళ్లు తాగేటోళ్లు గూడ చిన్నప్పుడు బోరు నీళ్లు తాగినోళ్లయితే ఆ ముచ్చట డాక్టర్‌కి చెప్పండ్రి, మన దిక్కు డాక్టర్ అయితే అడుగుతడు, వేరే కాడ అడగకపోవచ్చు.

చెయ్యి మీద పాలిపోయిన మచ్చ ఉంది, అక్కడ ముట్టుకుంటే తెలుస్తలేదు, ఇది గూడ వాయించుడు వల్లనేనా?

వాయించుడు వల్ల మచ్చ రాదు. పాలిపోయిన మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ ఉండి అక్కడ స్పర్శ లేకుంటే, మోచేతి ఎనక నరం తాడు లెక్క లావుగ తగులుతుంటే, కుష్టు ఉందా లేదా చూపిచ్చుకోవాలె. సిగ్గుపడాల్సింది ఏం లేదు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంల మందులు ఫ్రీగ ఇస్తరు, రకాన్ని బట్టి ఆరు నెలలు లేకుంటే 12 నెలలు, పూర్తిగ తగ్గుతది. ఆలస్యం చేస్తేనే వేళ్లు వంకర పోతయ్.

వెంటనే ఉరకాల్సింది ఎప్పుడు?

చెయ్యి ఒక్కసారిగ మొద్దుబారి మూతి వంకరైతే, మాట తడబడితే, అది పక్షవాతం, 108కి ఫోన్ చేయుండ్రి. ఛాతిల నొప్పితోటి ఎడమ చెయ్యి గుంజితే గూడ అంతే. రెండు చేతులు మొద్దుబారి నడక తూలుతుంటే, మూత్రం ఆపుకునుడు కష్టమైతే అదే రోజు దవాఖానకు పోవాలె.

## ట్రీట్మెంట్ నడుస్తున్నోళ్లకి

మణికట్టు పట్టీ పొద్దంత పెట్టుకోవాల్నా?

కార్పల్ టన్నెల్‌కి రాత్రి పెట్టుకునుడే ముఖ్యం, మణికట్టు సీదా ఉండాలె, ఎనక్కి వంగొద్దు. మెడికల్ షాపుల అమ్మే కొన్ని పట్టీల లోపలి రేకు మణికట్టును ఎనక్కి వంచి ఉంటది, రేకు బయటికి తీసి చేత్తోటి సీదా చేసి మళ్ల దూర్చుండ్రి. ఆరు వారాలన్న ఓపిక పట్టాలె. మోచేతి నరానికి పట్టీ ఎందుకు, పెద్ద తువ్వాల మోచేతికి వదులుగ చుట్టుకొని పండితే ముడుసుకోకుండ ఆపుతది, మా ఇంట్ల ఎర్ర తువ్వాల నాతోనే మూడు నెలలు పండుకుంది.

మర్దన చేపిస్తే, బామ్ రాస్తే తగ్గదా?

మెడ, భుజం కండలు పట్టేస్తే మెల్లగ మర్దన చేస్తే సుఖమే. నరం ఒత్తుకున్న జాగల, అంటే మోచేతి లోపలి దిక్కు, మణికట్టు మధ్యల, గట్టిగ పిసికితే ఇంకింత వాస్తది. బామ్ రాస్తే మంట తెలుస్తది, తిమ్మిరి మరిచిపోతం, గంతే. స్పర్శ లేని చెయ్యికి వేడి కాపడం పెట్టేటప్పుడు జర పైలం, కాలినా తెల్వదు.

బలం గోలీలు ఎన్ని రోజులు మింగాలె?

బీ12 తక్కువుందని రక్తంల తేలితే డాక్టర్ చెప్పినన్ని రోజులు. ఒత్తుకపోయిన నరాన్ని గోలీ పక్కకు జరపదు. బీ6 ఎక్కువ డోసు నెలల తరబడి మింగితే దానితోటే నరాలు దెబ్బతిని తిమ్మిరొస్తది, కాబట్టి షాపతను ఇచ్చిండని ఏడాదిగ మింగుతున్నోళ్లు ఆ డబ్బా తీసుకపోయి డాక్టర్‌కి చూపెట్టుండ్రి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే భయమైతుంది?

మణికట్టుల ఇచ్చే ఇంజెక్షన్ చానామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు సుఖమిస్తది, కొందరికి మళ్ల వస్తది. షుగర్ ఉన్నోళ్లకి కొన్ని రోజులు షుగర్ పెరుగుతది, ముందే చెప్పాలె. నొప్పి పోయింది కదా అని మర్నాడే మూడు గంటలు వాయించొద్దు.

ఆపరేషన్ చేసుకుంటే మళ్ల వాయిస్తనా?

చానామంది వాయిస్తరు. కార్పల్ టన్నెల్‌ల ఆ సందు పైన ఒంట్లనే ఉండే పట్టీని (లిగమెంట్) కోసి వదులు చేస్తరు, చెయ్యి వరకే మత్తిచ్చి చేసే చిన్న ఆపరేషన్, కుట్లు పది పద్నాలుగు రోజులకు తీస్తరు. రాత్రి తిమ్మిరి తొందరగనే పోతది, అరచేతి మొదట్ల నొప్పి, పట్టు తక్కువుండుడు కొన్ని నెలలు ఉంటది. మోచేతిల నరాన్ని వదులు చేస్తరు, కొందరికి ముందుకు జరిపి పెడతరు. దెబ్బతిన్న నరం మళ్ల పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, మోచేతి నుంచి చిటికెనవేలి కొస దాక ఎంత దూరమో టేపు పెట్టి కొలుసుకుంటే ఎన్ని నెలలో మీకే తెలుస్తది. కండ మొత్తం కరిగిపోయినంక చేపిస్తే తిమ్మిరి తగ్గినా బలం పూర్తిగ రాకపోవచ్చు.

## మళ్ల వాయించుడు మొదలువెట్టేటోళ్లకి

ఎంతసేపటితోటి మొదలువెట్టాలె?

నేనైతే ఐదు నిమిషాలతోటి మొదలువెట్టిన, రోజుకు మూడు సార్లు, టైమర్ పెట్టి మరీ. తిమ్మిరి రాకుంటే వారానికి ప్రతిసారికీ రెండు మూడు నిమిషాలు పెంచుకుంట పోయిన, వచ్చిందా ఎనక్కి. ఇప్పుడు గూడ ఇరవై ఐదు నిమిషాలు వాయిస్తే ఐదు నిమిషాలు కింద పెడత. సరళీ స్వరాలు మొదటి కాలంలనే, తీగ మోగేంత వరకే నొక్కుడు, అంతకు ఎక్కువ నొక్కితే స్వరం ఏం పెరగదు. మొదటి వారం ఇంట్లోళ్లు నవ్విండ్రు, ఇన్నేండ్ల వయొలిన్ సారు స రి గ మ దగ్గరికొచ్చిండని.

పిల్లకి సంగీతం పరీక్ష ఉంది, చెయ్యి నొస్తుందంటుంది, సాకేమో అనిపిస్తుంది?

పిల్లలకు చిటికెనవేలు తిమ్మిరొచ్చిందని సాకు చెప్పే తెలివి ఉండదు, కడుపు నొస్తుందంటరు. రోజుకు అర్ధగంట వాయించే పిల్లతోటి పరీక్ష వారంల నాలుగు గంటలు వాయించిపిస్తే ఏ చెయ్యి తట్టుకుంటది. ముక్కాలు సైజు వయొలిన్ వాయించాల్సిన పిల్లకు "మళ్ల మళ్ల కొంటమా" అని ఫుల్ సైజ్ కొనిచ్చే తల్లిదండ్రులు మస్తుమంది, మోచెయ్యి పూర్తిగ సాగి ఉంటే సైజు పెద్దదైనట్టే.

నొప్పి లేదు, తిమ్మిరి లేదు, కాని వాయించేటప్పుడు ఉంగరం వేలు దానంతట అదే ముడుసుకుంటుంది, ఇదేం రోగం?

వేరే పనులు చేసేటప్పుడు మంచిగుండి, వాయిద్యం పట్టంగనే వేలు చెప్పినమాట ఇనకుంటే అది ఫోకల్ డిస్టోనియా కావొచ్చు, తేడా చేతిల కాదు, మెదడు చేతికిచ్చే ఆర్డర్లల్ల. అమెరికా పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్‌కి 1960లల్ల కుడి చెయ్యి ఇట్లనే అయి ఏండ్ల తరబడి ఎడమ చేత్తోటే వాయించిండు, బోటాక్స్ ఇంజెక్షన్లు తీసుకున్నంక మళ్ల రెండు చేతులతోటి స్టేజీ ఎక్కిండు. ఇంకా గట్టిగ సాధన చేస్తే ఇది ముదురుతది. ఈ ఒక్కదానికి మాత్రం నేరుగ న్యూరాలజిస్ట్ దగ్గరికే పోండ్రి.

రేపే ప్రోగ్రాం ఒప్పుకున్న, ఇయ్యాల చెయ్యి తిమ్మిరొస్తుంది, ఏం చెయ్యాలె?

ఇయ్యాల వాయించకండ్రి, మనసుల పాడుకోండ్రి. రాత్రి మణికట్టు, మోచెయ్యి సీదా పెట్టి పండుండ్రి, రేపు బండి మీద గాకుండ బస్సుల పోండ్రి. పెద్ద పాటలు ముందు పెట్టుకొని చిన్నయి ఎనకకు, మధ్యల మృదంగానికో తబలాకో ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువియ్యుండ్రి, వాళ్లు కాదనరు. స్టేజీ మీద వేలు మొత్తం మొద్దుబారి తీగ తెలుస్తలేదంటే అక్కడికే మంగళం పాడుండ్రి. పోయినేడు నేనట్లనే లేచిన, కమిటీ పెద్దమనిషి మొఖం మాడ్చుకున్నడు, పారితోషికంల ఐదొందలు కోసిండు, పోతే పోనియ్యని ఇంటికొచ్చిన.